పీతా, నక్కా, కాకా, పురుగా: ఏ ఆట కొనాలి?

మా పిన్ని కొడుకు విశాఖ మధురవాడలో రూము తీసుకుని ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మొన్న రాత్రి పదకొండు దాటాక వాడి దగ్గర్నుంచి వాట్సాప్‌లో నాలుగు వీడియో గేముల స్క్రీన్‌షాట్లు వచ్చాయి. ఒకదాంట్లో ఫోర్కు పట్టుకున్న పీత. ఒకదాంట్లో పచ్చ చొక్కా తొడుక్కున్న నక్కపిల్ల. ఇంకోదాంట్లో ఎర్రగా మెరిసే కత్తితో కాకి. చివరిదాంట్లో తెల్ల ముఖం, రెండు కొమ్ములు ఉన్న బుల్లి పురుగు. కింద ఒకే లైను: "అన్నయ్యా, డబ్బులు ఒక్కదానికే ఉన్నాయి. ఏది కొనమంటావో బేగి చెప్పు, రేపటితో సేల్ ఆఖరు."

బేగి చెప్పమంటే చెప్పే సంగతి కాదది. పైకి చూస్తే నాలుగూ ఒక తానులో ముక్కలే. ఏదో ఒక వింత ప్రాణి, చేతిలో ఏదో ఒక ఆయుధం, ముందు తెలియని లోకం. తిరగాలి, దగ్గరికెళ్ళి కొట్టాలి, చచ్చిపోవాలి, మళ్ళీ లేవాలి. దూరం నుంచి తుపాకీతో పేల్చే బాపతు కావు (పీత ఆటలో ఒక తుపాకీ ఉంది, దాని కథ వేరు, వస్తాను). కానీ చేతిలోకి తీసుకుని ఆడితే మాత్రం కురుపాం మార్కెట్ సందులకీ బీచ్ రోడ్డుకీ ఉన్నంత తేడా ఉంది వీటి మధ్య. నాలుగూ చివరిదాకా ఆడాను, రెండింటిని రెండోసారి కూడా ఆడాను. వాడికి ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

## కొనే ముందు చూసుకోవాల్సినవి

రేటింగులు పక్కన పెట్టండి. నాలుగింటికీ మంచి పేరే ఉంది, అవి చూస్తే ఏమీ తేలదు.

నేను ముందుగా అడిగేది ఇది: తెలియని చోట దారి తప్పితే మీకు చిరాకా, సరదానా? మా బావకి చిరాకు. వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్‌కి వెళ్ళినా ఫోన్‌లో మ్యాప్ పెట్టుకునే నడుస్తాడు. కుడికి తిరగమని ఫోను చెబితేగానీ ఆయనకి కాలు కదలదు. మా అక్క అలా కాదు. ఒక సందులో దూరి ఇంకో సందులో తేలి, అక్కడ్నుంచి ఏ ఇత్తడి సామాన్ల కొట్టు వెనకాలకో పోయి, కొనాలనుకున్నది తప్ప మిగతావన్నీ కొనుక్కొస్తుంది. ఈ జాతి ఆటలు తయారైంది మా అక్కలాంటి వాళ్ళ కోసం. బావలాంటి వాళ్ళు కూడా ఆడొచ్చు, కాకపోతే ఆట జాగ్రత్తగా ఎంచుకోవాలి.

రెండోది చావు. ఎంత బాగా ఆడేవాళ్ళకైనా ఇక్కడ చావు తప్పదు. చచ్చాక చేతిలో ఏం మిగులుతుంది, మళ్ళీ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అన్న దగ్గరే ఆటలు విడిపోతాయి. కాకి ఆటలో చస్తే ఏమీ పోదు. దగ్గర్లో తెరిచి పెట్టిన తలుపు దగ్గర లేస్తారు, అంతే. పురుగు ఆటలో అప్పటిదాకా కూడబెట్టిన డబ్బంతా చచ్చిన చోటే ఉండిపోతుంది. మీ నీడే నల్లగా అక్కడ తేలుతూ కాపలా కాస్తుంటుంది. వెళ్ళి దాన్ని కొట్టి తెచ్చుకోవాలి. దారిలో మళ్ళీ చచ్చారా, ఆ డబ్బుకి నీళ్ళొదులుకోవడమే. అలాంటి నష్టం జరిగినప్పుడు మీకు కసి పుడుతుందా, లాప్‌టాప్ మూసేసి పడుకోవాలనిపిస్తుందా? ఇది మీకే తెలియాలి.

మూడోది తీరిక. బావ స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టుల మీద పనిచేస్తాడు. రోజుకి ముప్పావుగంట దొరికితే గొప్ప, వరసగా నాలుగు రోజులు దొరక్కపోవడం కూడా మామూలే. నాలుగు రోజుల తర్వాత వచ్చి కూర్చుంటే "నేనెక్కడున్నాను, ఎటు పోతున్నాను" అని గుర్తు తెచ్చుకోవడానికే ఆ ముప్పావుగంట సరిపోయే ఆటలు ఇందులో రెండున్నాయి.

ఇక యంత్రం. గ్రాఫిక్స్ కార్డు లేని పాత లాప్‌టాప్ అయితే ఎక్కువ ఆలోచించక్కర్లేదు, హాలో నైట్ (పురుగు ఆట) ఒక్కటే ధైర్యంగా చెప్పగలను. అది చేత్తో గీసిన బొమ్మలతో అడ్డంగా సాగే ఆట, 9 జీబీ జాగా చాలు. మిగతా మూడూ త్రీడీ. వాటిలో పీత ఆటకి కాస్త గట్టి యంత్రం కావాలి.

కంట్రోలర్ గురించి ఒక మాట. ఉంటే నాలుగూ హాయిగా ఉంటాయి, కీబోర్డుతో కూడా నడుస్తాయి. నేను డబ్బు కలిసొస్తుందని సెకండ్‌హ్యాండ్ కంట్రోలర్ ఒకటి కొన్నాను. ట్యూనిక్‌లో (అదే నక్క ఆట) ఒక సన్నటి వంతెన దాటాలి. నక్క నాలుగడుగులు వేసి తనంతట తను ఎడమకి జరుగుతుంది. పదిసార్లు ప్రయత్నించి, ఇది ఆటలో ఏదో గాలి తాలూకు మాయ అనుకుని, ఆ గాలిని ఆపే వస్తువు కోసం ఒక సాయంత్రమంతా లోకమంతా గాలించాను. తీరా చూస్తే కంట్రోలర్ మీద నక్కని నడిపించే ఎడమ పుల్ల ముట్టుకోకపోయినా పక్కకి లాగుతోంది. సముద్రం పక్క ఊరు, ఉప్పుగాలి, పాత సామాను. కొనే ముందు అక్కడే తగిలించి, పుల్ల వదిలేసి ఒక నిమిషం చూడండి.

భాష సంగతికొస్తే, నాలుగింటిలోనూ తెలుగు లేదు. పీత ఆటలో మాటలెక్కువ, జోకులన్నీ ఇంగ్లీషు పదాల మీద ఆడుకునేవి. ట్యూనిక్‌లో ఇంగ్లీషు రాకపోయినా నష్టం దాదాపు లేదు. ఎందుకో కింద చెబుతాను.

| ఆట | వచ్చిన ఏడాది | పూర్తి చేయడానికి (నా లెక్క) | చస్తే పోయేది | సులువు చేసుకునే వీలు |
|---|---|---|---|---|
| హాలో నైట్ (పురుగు) | 2017 | 30–40 గంటలు | ఉన్న డబ్బంతా, వెళ్ళి తెచ్చుకోవచ్చు | లేదు |
| డెత్స్ డోర్ (కాకి) | 2021 | 10–12 గంటలు | ఏమీ లేదు | లేదు, అవసరమూ తక్కువే |
| ట్యూనిక్ (నక్క) | 2022 | 12–15 గంటలు, గుట్లన్నీ విప్పాలంటే దానికి రెట్టింపు | కొద్దిగా డబ్బు | ఉంది |
| అనదర్ క్రాబ్స్ ట్రెజర్ (పీత) | 2024 | 15–20 గంటలు | పోగుచేసిన మైక్రోప్లాస్టిక్, వెళ్ళి తెచ్చుకోవచ్చు | బోలెడంత |

## హాలో నైట్: మ్యాప్ కూడా కొనుక్కోవాల్సిన లోకం

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టీమ్ చెర్రీ అనే గుప్పెడు మంది చేసిన ఆట ఇది. 2014లో కిక్‌స్టార్టర్‌లో జనం దగ్గర 57 వేల ఆస్ట్రేలియా డాలర్ల పైచిలుకు పోగుచేసుకుని మొదలుపెట్టారు, 2017 ఫిబ్రవరిలో పీసీ మీద విడుదల చేశారు. తర్వాత స్విచ్, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ అనే గేమ్ కన్సోళ్ళ మీదకీ వచ్చింది. హాలోనెస్ట్ అనే పాడుబడ్డ పురుగుల రాజ్యంలోకి మన పురుగు దిగుతుంది. చేతిలో ఉండేదాన్ని కత్తి అనరు, మేకు అంటారు. పురుగు సైజుకి మేకే కత్తి మరి.

దీని మ్యాప్ పద్ధతి తెలిస్తే ఇది మీకు నప్పుతుందో లేదో చెప్పేయొచ్చు. కొత్త ప్రాంతంలో అడుగుపెట్టగానే చేతిలో మ్యాప్ ఉండదు. చీకట్లో తడుముకుంటూ పోవాలి. పోగా పోగా నేలమీద కాగితాలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి, ఎక్కడో ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు వినిపిస్తుంది. ఆ రాగం ఎటు గట్టిగా వినిపిస్తే అటు వెళ్తే కార్నిఫర్ అనే మ్యాపుల ఆసామి కూర్చుని గీసుకుంటుంటాడు. డబ్బిస్తే సగం గీసిన మ్యాప్ ఇస్తాడు. మిగతా సగం మీరే నింపుకోవాలి, దానికి పైన ఊళ్ళో వాళ్ళావిడ కొట్లో ఈకకలం కొనాలి. నింపిన గీతలు కూడా బల్ల మీద కూర్చున్నప్పుడే మ్యాప్‌లోకి ఎక్కుతాయి. మ్యాప్‌లో మీరెక్కడున్నారో చుక్క కనబడాలంటే ఇంకో తాయెత్తు కొని తొడుక్కోవాలి. తాయెత్తులకి ఉండే జాగాలేమో తక్కువ, ఆ జాగాలో దెబ్బ గట్టిగా తగిలే తాయెత్తు పెట్టుకోవచ్చుగా అన్న పీకులాట ఒకటి. ఇదంతా చదువుతుంటే "అబ్బ, భలే ఉందే" అనిపిస్తే కొనేయండి. "ఏటీ గోల" అనిపిస్తే కింద కాకి దగ్గరికి వెళ్ళిపోండి.

కొట్లాట మాత్రం నాలుగింటిలో దీనిదే పదును. బటన్లు తక్కువ, లోతు ఎక్కువ. శత్రువుని మేకుతో కొడితే ఆత్మశక్తి నిండుతుంది. ఆ శక్తితోనే ప్రాణం నింపుకోవాలి, నింపుకునేటప్పుడు కదలకుండా నిలబడాలి. అంటే భయపడి దూరంగా పారిపోయేవాడికి ప్రాణం పోసుకునే దారే లేదు. దగ్గరికెళ్ళి కొట్టాలి, కొట్టి సందు చూసుకుని ఆగాలి. గాల్లో ఉండగా కిందికి కొడితే శత్రువు నెత్తి మీంచి బంతిలా పైకి లేస్తారు, ముళ్ళమీద కూడా అలాగే గెంతుకుంటూ పోవచ్చు. మొదటి రోజు అసాధ్యం అనిపించిన ఈ గెంతు వారం తిరిగేసరికి వేళ్ళకి ఎక్కేస్తుంది.

బాధంతా ఒక్కటే: సులువు చేసుకునే వీల్లేదు. బాస్ (దారికి అడ్డంగా నిలబడే పెద్ద శత్రువు) దగ్గర ఇరుక్కుంటే ఇరుక్కున్నట్టే. నేను మాంటిస్ లార్డ్స్ దగ్గర రెండు రాత్రులు గడిపాను. కాకపోతే ఒక బాస్ దగ్గర ఇరుక్కుంటే ఇంకో దారి పట్టి పోవచ్చు, లోకం అంత పెద్దది. హాస్యం తక్కువే కానీ లేకపోలేదు. జోట్ అని ఒక డాంబికుడు తగులుతాడు. పెద్ద పురుగు నోట్లోంచి కాపాడితే తన పోరాటం చెడగొట్టావని మనల్నే తిడతాడు. తర్వాత కూర్చోబెట్టి 57 నీతులు చెబుతాడు. అన్నీ విన్నాను. మీరు వినక్కర్లేదు.

దీని తర్వాతి ఆట సిల్క్‌సాంగ్ 2025 సెప్టెంబరు 4న వచ్చింది. ఆ రోజు జనం తాకిడికి ఆన్‌లైన్ దుకాణాలు కాసేపు మొరాయించాయి. ఇందులో మొదటి ఆటలో ఎదురొచ్చిన హార్నెట్‌తో మనం ఆడతాం. ఆమె వేగం, గంతులు చూడముచ్చటగా ఉంటాయి, కష్టం మాత్రం ఇంకో మెట్టు పైన. కొత్తది కదా అని నేరుగా దాన్ని కొనొద్దు. మొదటిది పూర్తి చేసి, ఇంకా ఆకలి ఉంటే అప్పుడు.

## ట్యూనిక్: చదవలేని పుస్తకం

ఇది కెనడాలోని హాలిఫాక్స్‌కి చెందిన ఆండ్రూ షౌల్డిస్ చాలామటుకు ఒక్కడే కూర్చుని ఏళ్ళ తరబడి చేసిన ఆట. 2022 మార్చిలో పీసీ, ఎక్స్‌బాక్స్ మీద, అదే ఏడాది సెప్టెంబరులో ప్లేస్టేషన్, స్విచ్ మీద వచ్చింది. నక్కపిల్ల ఒడ్డున కళ్ళు తెరుస్తుంది. చేతిలో ఏమీ ఉండదు. మొదట దొరికే ఆయుధం కర్ర. కత్తి, డాలు తర్వాత.

ఆటలో అక్కడక్కడా కాగితాలు దొరుకుతాయి. అవి ఈ ఆట తాలూకు మాన్యువల్ పేజీలే. పాత రోజుల్లో గేమ్ క్యాసెట్ డబ్బాలో చిన్న పుస్తకం పెట్టేవారు కదా, అలాంటిది. చిక్కేమిటంటే దాంట్లో చాలా భాగం ఎవరికీ తెలియని లిపిలో ఉంటుంది. బొమ్మలు, బాణాలు, మధ్యమధ్య ఒకటో రెండో ఇంగ్లీషు ముక్కలు, ఎవరో పెన్నుతో గిలికిన గుర్తులు. వీటిని పట్టుకునే ఆట ఎలా ఆడాలో మీరు కనిపెట్టాలి. ఇంగ్లీషు రాకపోయినా నష్టం లేదన్నది అందుకే, ఇక్కడ అందరూ నిరక్షరాస్యులే. చాలా గంటలు ఆడాక కొత్త పేజీ ఒకటి దొరుకుతుంది. చూస్తే అందులో చెప్పిన పని మొదటి నిమిషం నుంచీ నక్కకి చేతనైనదే, మనకే తెలియలేదు! అప్పటిదాకా పక్కనుంచి వందసార్లు నడిచిపోయిన చోటికి పరిగెత్తుకుని వెనక్కి వెళ్తాం. అలాంటి క్షణాలు నాకు ఈ ఆటలో అయిదారు తగిలాయి, వేరే ఏ ఆటలోనూ అన్ని తగల్లేదు.

చూపు పైనుంచి ఏటవాలుగా ఉంటుంది. ఆ కోణాన్ని అడ్డం పెట్టుకుని దారులు దాచేశారు. గోడ వెనక, జలపాతం పక్కన, మెట్ల కింద. కనబడవు, కానీ ఎప్పుడూ అక్కడే ఉంటాయి. కైలాసగిరి మెట్లదారి పక్కన ఎప్పుడూ పట్టించుకోని అడ్డదారి ఒకటి ఎవరో చూపిస్తే, ఇన్నాళ్ళూ దీని పక్కనుంచేనా పోయింది అనుకుంటామే, అలా.

కొట్లాట బాగానే ఉంటుంది కానీ దాని కోసమైతే ఇది కొనక్కర్లేదు. హాలో నైట్‌లా వేళ్ళకి ఎక్కే హాయి ఉండదు. పైగా నక్కపిల్ల ముద్దుగా ఉంది కదా అని చిన్నపిల్లల ఆట అనుకుంటే పప్పులో కాలేసినట్టే. నడిమి నుంచి బాసులు బాగా కసిగా కొడతారు. అయితే సెట్టింగుల్లో చావు లేకుండా చేసుకునే వీలు పెట్టారు. అది పెట్టుకుని ఆడితే ఆట విలువేమీ తగ్గదని నా అభిప్రాయం. దీని అసలు కొట్లాట కాగితాలతో.

ఒక హెచ్చరిక: నాలుగు రోజులు ఆపి మళ్ళీ మొదలుపెడితే ఇది పూర్తిగా చేజారిపోతుంది. పక్కన నోటుబుక్కు, పెన్ను పెట్టుకోండి. నిజంగానే కావాలి. యూట్యూబ్‌లో ఒక్క వీడియో చూసినా కొన్న డబ్బు సగం దండగే.

## డెత్స్ డోర్: ఆఫీసుకెళ్ళే కాకి

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌కి చెందిన యాసిడ్ నర్వ్ అనే ఇద్దరి జట్టు చేసింది, 2021 జూలైలో వచ్చింది. చనిపోవాల్సిన వాళ్ళ ఆత్మలు కోసుకురావడం కాకుల ఉద్యోగం. ఆ ఆఫీసు నలుపు తెలుపుల్లో, బల్లలు, ఫైళ్ళు, టైపు కొట్టే కాకులతో అచ్చం మన ప్రభుత్వ కార్యాలయంలా ఉంటుంది. మన కాకికి అప్పగించిన ఆత్మని ఎవరో ఎత్తుకుపోతారు, దాంతో కథ మొదలు. పితృకార్యం నాడు పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూసే మనకి, కాకి చావు శాఖలో గుమాస్తా అనగానే ఎందుకో వింతగా అనిపించదు, ఆ పని దానిదే కదా అనిపిస్తుంది.

దారి తప్పడం అంటే చిరాకు పడేవాళ్ళకి నా ఓటు దీనికే. విచిత్రమేమిటంటే ఇందులో మ్యాపే ఉండదు. అయినా తప్పిపోరు, ఎందుకంటే దారులు ఒకదాన్నొకటి చుట్టుకుని మొదలుపెట్టిన చోటికే తెచ్చి వదులుతాయి. నిచ్చెన తన్నితే కింద పడి దగ్గరదారి అవుతుంది, గేటు తెరిస్తే పాత వీధి. కత్తిపోటు, దొర్లడం, బాణం, మంత్రం, అంతే. కాకికి మొదట్లో నాలుగు దెబ్బల ప్రాణమే ఉంటుంది. అక్కడక్కడా ఖాళీ కుండీలుంటాయి, దొరికిన విత్తనం ఏ కుండీలో నాటితే అక్కడ మొలిచిన మొక్క ప్రాణం పోస్తుంది. విత్తనాలు లెక్కగానే ఉంటాయి కాబట్టి ఇక్కడ నాటాలా, ముందున్న బాస్ గుమ్మంలో నాటాలా అని కాసేపు తచ్చాడతాం.

తల బదులు సూపు కుండ ఉన్న మనిషి ఒకడు తగులుతాడు. చచ్చిన ప్రతి బాస్‌కీ ఒక కాటికాపరి వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పి పూడుస్తాడు. ఆ దృశ్యాలు నవ్వుతూ మొదలై గొంతులో ఏదో అడ్డం పడేలా ముగుస్తాయి. ఆటలో గొడుగు కూడా ఒక ఆయుధం. దెబ్బ బలహీనం. మొత్తం ఆట గొడుగుతోనే పూర్తి చేస్తే ఒక బిరుదిస్తారు. నేను సగం దాకా వెళ్ళి, ఒక బాస్‌ని గొడుగుతో కొడుతూ కొడుతూ నా ఓపికే ముందు చచ్చిపోయి, కత్తికి మారిపోయాను.

లోపం? పది గంటల్లో అయిపోతుంది. గంటకింత అని లెక్కేసుకునే విద్యార్థికి అది లోపమే. షిఫ్టు డ్యూటీ మనిషికి వరం.

## అనదర్ క్రాబ్స్ ట్రెజర్: మన బీచ్‌లో ఆడినట్టే

అమెరికాలోని సియాటిల్‌లో ఉన్న అగ్రో క్రాబ్ వాళ్ళది, 2024 ఏప్రిల్ 25న వచ్చింది. క్రిల్ అనే సన్యాసి పీత (ఖాళీ గుల్లల్లో దూరి బతికే రకం) హాయిగా రాళ్ళ మధ్య నీటిగుంటలో బతుకుతుంటాడు. పన్ను కట్టలేదని ఒక సొరచేప వచ్చి వాడి గుల్ల జప్తు చేసి పట్టుకుపోతుంది. అప్పులవాళ్ళని ఇంగ్లీషులో సొరచేపలంటారు కాబట్టి అక్కడ అది జోకు. మనకి వడ్డీవ్యాపారి ఇంటికొచ్చి మంచం పట్టుకుపోయినంత సహజం. గుల్ల తిరిగి తెచ్చుకోవడానికి క్రిల్ నడిసముద్రం అడుక్కి దిగుతాడు. ఆయుధం మనుషులు పారేసిన ఫోర్కు. గుల్ల లేదు కాబట్టి దొరికిన చెత్తలోకల్లా దూరతాడు: కూల్‌డ్రింకు డబ్బా, గాజు గ్లాసు, ఏది దొరికితే అది. అక్కడ చెలామణి అయ్యే డబ్బు మైక్రోప్లాస్టిక్.

కొట్లాట ఈ గుల్ల చుట్టూనే తిరుగుతుంది. దెబ్బ పడేటప్పుడు గుల్లలోకి ముడుచుకుంటే గుల్ల ఆ దెబ్బ కాస్తుంది. ఎక్కువ దెబ్బలు తింటే పగిలిపోతుంది, అప్పుడు క్రిల్ ఒంటి మీద ఏమీ లేకుండా గులాబీ రంగు తోకతో పరిగెత్తాలి. బరువైన గుల్ల ఎక్కువ కాస్తుంది, దొర్లడం మందగిస్తుంది. తేలిక గుల్లతో చురుగ్గా తప్పించుకోవచ్చు, రెండు దెబ్బలకే ఫట్. ఒక్కో గుల్లకి ఒక్కో విద్య కూడా ఉంది. కాబట్టి బాస్ ముందు నిలబడి "ఈ డబ్బా వేసుకోనా, అక్కడ దొరికిన గ్లాసు వేసుకోనా" అని బట్టల కొట్లో నిలబడ్డట్టు నిలబడతాం. ఇదే దీని సరదా.

ఇక ఆ తుపాకీ. సెట్టింగుల్లో కష్టం తగ్గించుకునే మార్గాలు బోలెడున్నాయి: శత్రువు ప్రాణం తగ్గించడం, గుల్ల గట్టిదనం పెంచడం, ఆట వేగం తగ్గించడం. వాటి మధ్యలో "క్రిల్‌కి తుపాకీ ఇవ్వు" అని ఒక మీట. నొక్కితే వాడి వీపు మీదకి గుల్ల బదులు అసలు సిసలు పిస్తోలు వస్తుంది, ఒక్క పేలుడికి ఎంతటివాడైనా అవుట్. నా మేనకోడలు ఏడో తరగతి, రెండు గంటలు ఒకే పీత సైన్యాధిపతి చేతిలో తన్నులు తిని, ఆ మీట నొక్కి, సోఫా మీద పడి దొర్లి దొర్లి నవ్వింది. ఆ తర్వాత దాన్ని తీసేసి మళ్ళీ ఫోర్కుతోనే ఆడి గెలిచింది.

ఆ ఆదివారమే మేనకోడల్ని జోడుగుళ్ళపాలెం రాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను. అల వెనక్కి పోయాక గుంటల్లో మిగిలిన నీళ్ళలో వేలెడు గుల్ల ఒకటి తనంతట తను నడుచుకుంటూ పోతోంది. అడుగున నాలుగు సన్నటి కాళ్ళు. దాని పక్కనే నీళ్ళసీసా మూత, చిప్స్ ప్యాకెట్ ముక్క. మేనకోడలు వంగుని ఊపిరి బిగబట్టి చూసి, "మావయ్యా, ఇది మూతలోకి దూరుతుందంటావా?" అంది. చూస్తూ కూర్చున్నాం. పీత మూతని కాలితో ఒకసారి తడిమి, పక్కకి తప్పుకుని పోయింది.

ఆట లోపాలు లేకపోలేదు. కెమెరా ఇరుకు చోట్ల గోడకి అతుక్కుపోయి మన పీతే మనకి కనబడడు. గెంతి ఎక్కాల్సిన చోట్ల కొలత తప్పి పడిపోవడం మామూలు. హాలో నైట్‌లో చస్తే తప్పు మనదే అనిపిస్తుంది, ఇక్కడ మూడోవంతు సార్లు కెమెరాని తిట్టుకుంటాం. ఇంగ్లీషు శ్లేషలు అందకపోతే కథలో చమత్కారం కూడా సగమే అందుతుంది.

## ఈ నాలుగూ కాకుండా

డంజన్స్ ఆఫ్ హింటర్‌బర్గ్ (2024) ఆస్ట్రియా వాళ్ళది. లా చదివి విసిగిపోయిన లూయిసా అనే అమ్మాయి ఆల్ప్స్ కొండల్లో సెలవు గడపడానికి వెళ్ళి, పగలు రాక్షసుల గుహల్లో కత్తి తిప్పి, సాయంత్రం ఊళ్ళో వాళ్ళతో కబుర్లాడుతుంది. గుహలు 25. రోజుకొకటి చొప్పున పెట్టుకోవచ్చు, కష్టం తగ్గించుకోవచ్చు. రుషికొండ ఐటీ సెజ్‌లో పనిచేసి ఇంటికొచ్చి ఇంకా ఎవరితోనూ కొట్లాడే ఓపిక లేదనే వాళ్ళు పై నాలుగూ మానేసి దీన్ని చూడండి.

ఇద్దరు కలిసి ఒకే సోఫా మీద ఆడాలంటే గ్వాకమెలీ. 2013 నాటిది, కుస్తీ వస్తాదు ఆట, మధ్యలో కోడిగా మారిపోవచ్చు కూడా. పై నాలుగూ ఒంటరి ఆటలే.

మన దేశం ఆట కావాలంటే పుణె వాళ్ళ రాజీ ఉంది, 2020లో వచ్చింది. తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్ళే అక్క కథ. కోటలు, గోడల మీద పురాణ చిత్రాలు కళ్ళకి పండగ. కానీ దారి ఒక్కటే, తిరగడానికి ఏమీ లేదు, కత్తి కూడా మొద్దు. అభిమానంతో కొనండి, అన్వేషణ కోసమైతే వద్దు.

## సరే, ఎవరు ఏది?

బావకి కాకి ఆటే ఇచ్చాను. బి షిఫ్టు నుంచి వచ్చి, భోంచేసి, ఒక తలుపు నుంచి ఇంకో తలుపు దాకా ఆడి పడుకునేవాడు. మూడు వారాల్లో పూర్తి చేశాడు, జీవితంలో ఆయన పూర్తి చేసిన మొదటి ఆట అదే.

చేతి నైపుణ్యం మీద మోజున్నవాళ్ళు, ఒక బాస్‌ని ఓడించడానికి రెండు రాత్రులు ఇవ్వగలిగినవాళ్ళు, ముఖ్యంగా ఒకే ఆటతో రెండు నెలలు గడవాలనుకునేవాళ్ళు హాలో నైట్ కొనండి. డబ్బుకి గంటల లెక్కలో దాన్ని కొట్టేది ఈ జాబితాలో లేదు. ఇంట్లో పిల్లలుండి, వాళ్ళు పక్కన కూర్చుని చూస్తారు, మధ్యలో లాక్కుని ఆడతారు అనుకుంటే పీత. కథ రంగురంగులుగా ఉంటుంది, పిల్లలు ఇరుక్కున్న చోట ఆ సెట్టింగులు కాస్తాయి.

ట్యూనిక్ మాత్రం నేను అందరికీ చెప్పను. పజిల్ ముందు నోరు మూసుకుని కూర్చోగలిగేవాళ్ళకే చెబుతాను. స్క్రీన్‌షాట్లు పంపిన మా తమ్ముడు చిన్నప్పుడు రేడియో విప్పి, మళ్ళీ బిగించలేక, అయినా మూడు రోజులు దాని ముందే కూర్చున్నవాడు. లాప్‌టాప్‌లో ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డుంది. సెమిస్టర్ సెలవులు. ఆలోచించక్కర్లేదు, నక్కే అన్నాను.

కొన్నాక కూడా వెనక్కి తగ్గే దారి ఉంది. స్టీమ్‌లో (పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. కట్టడం కూడా యూపీఐతో అయిపోతుంది. అందుకని ఆ రెండు గంటల్ని పరీక్షలా వాడుకోండి. హాలో నైట్‌లో రెండో ప్రాంతం పచ్చటి ఆకుల దారిలో హార్నెట్ ఎదురవుతుంది. ఆమె చేతిలో అయిదుసార్లు చచ్చాక ఆరోసారికి చెయ్యి దానంతట అదే కదిలితే ఉంచుకోండి. పీత ఆటలో కోట కాపలా నాయకుడు నెఫ్రో దాకా వెళ్ళండి, గుల్లలు మార్చడం సరదాగా అనిపించకపోతే ఇంక ముందెప్పుడూ అనిపించదు. డెత్స్ డోర్‌లో శ్మశానం చూసేస్తే చాలు. ట్యూనిక్‌లో మొదటి నాలుగైదు పేజీలు దొరికేదాకా ఆగండి. దొరికిన పేజీని దగ్గరికి లాక్కుని మూలల్లో గిలికిన గీతల్ని చూడబుద్ధి కాకపోతే వాపసు ఇచ్చేయండి, తప్పేమీ లేదు.

ట్యూనిక్ కొనాలని తీర్మానించుకున్నవాళ్ళు ఇక్కడితో ఆపేయండి. కింది నాలుగు లైన్లు మీకు కాదు.

వాడు సేల్ ఆఖరి గంటలో కొన్నాడు. తొమ్మిదో రోజు రాత్రి ఒంటిగంటకి ఫొటో పంపాడు. నోటుబుక్కు పేజీ, నిండా ఆరు మూలల గళ్ళు, గళ్ళలో గీతలు, పక్కన తెలుగులో అ, ఆ, ఇ, ఈ. కింద మెసేజ్: "అన్నయ్యా, బయటి గీతలు అచ్చులు, లోపలి గీతలు హల్లులు. రెండూ కలిపి ఒక్క అక్షరం. ఇది మన గుణింతమే కదా?"